బడ్జెట్ ట్యాబ్ కొంటున్నారా? స్క్రీన్ సైజు కాదు.. ముందు సిమ్ స్లాట్ చూడండి!

నెల్లూరు: వాట్సాప్ వీడియో కాల్‌లో మనిషి పెద్దగా కనిపించాలి, రీల్స్ హాయిగా చూడాలి, ధర మాత్రం పది పన్నెండు వేలు దాటకూడదు. ట్యాబ్ కోసం షాపుకెళ్లే చాలామంది లెక్క ఇదే. కానీ కావలి, జువ్వలదిన్నె నుంచి మైపాడు, కృష్ణపట్నం వరకు తీరంలో ఉండేవాళ్లు ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి. తుపాను రోజు కరెంటు పోయాక ఆ ట్యాబ్ పనికొస్తుందా?

ఒకే మోడల్ ట్యాబ్ సాధారణంగా రెండు రకాలుగా వస్తుంది. ఒకటి వైఫై మాత్రమే ఉండేది, రెండోది సిమ్ వేసుకునేది. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. సిమ్ ఉన్నదానికి వెయ్యి నుంచి మూడు వేలు ఎక్కువ. ఆఫర్ బ్యానర్ మీద పెద్ద అక్షరాల్లో కనిపించే ధర తరచూ వైఫై మోడల్‌దే. ఇంట్లో ఫైబర్ నెట్ ఉంది కదా అని చాలామంది అదే తీసుకుంటారు. కరెంటు పోతే రౌటర్ ఆగిపోతుంది. అప్పుడు ఆ ట్యాబ్‌తో ఫోటోలు చూసుకోవడం తప్ప ఇంకేం చేయలేరు.

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకుముందే నెల్లూరు జిల్లాను వానలతో ముంచెత్తింది. అలాంటి రోజుల్లోనే హెచ్చరికలు, ఊరి గ్రూపు మెసేజ్‌లు, దూరంగా ఉన్న పిల్లల కాల్స్ అన్నీ వాట్సాప్‌లోకి వస్తాయి. సిమ్ ఉన్నా టవర్ పడిపోతే ఏం లాభం అంటారా? నిజమే, కానీ అందుకూ ఒక దారి ఉంది. తుపాన్ల సమయంలో ఒక కంపెనీ టవర్ పనిచేయకపోతే మరో కంపెనీ నెట్‌వర్క్‌కు మారే 'ఇంట్రా సర్కిల్ రోమింగ్'ను టెలికాం శాఖ ఆన్ చేయిస్తోంది. అది సిమ్ ఉన్న పరికరాలకే ఉపయోగం.

వాట్సాప్ నంబర్ ఎవరిది?

షాపులో ఎవరూ చెప్పని సంగతి ఇది. ట్యాబ్‌లో వాట్సాప్ రెండు రకాలుగా నడుస్తుంది. ఇంట్లోవాళ్ల ఫోన్‌లోని ఖాతాకే క్యూఆర్ కోడ్‌తో ట్యాబ్‌ను జత చేయొచ్చు. ఇలా నాలుగు పరికరాల వరకు వీలుంది. కానీ అసలు ఫోన్‌లో 14 రోజులు వాట్సాప్ వాడకపోతే ట్యాబ్‌లో లాగౌట్ అయిపోతుంది. ఫోన్ ఆయన జేబులో, ట్యాబ్ అమ్మ చేతిలో ఉండే ఇళ్లలో ఇబ్బంది ఇక్కడే. ఆయన ఫోన్ పాడైనా, మారినా అమ్మ కాల్స్ కూడా ఆగిపోతాయి. పైగా ఇద్దరి మెసేజ్‌లూ ఒకరికొకరికి కనిపిస్తాయి, అది ఎంతమందికి నచ్చుతుందో వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి ట్యాబ్‌కు సొంత నంబర్ ఉండటమే మేలు. వైఫై ట్యాబ్ ఇప్పటికే కొనేసి ఉంటే ఒక సిమ్‌ను కీప్యాడ్ ఫోన్‌లో వేసి, దానికి వచ్చే ఓటీపీతో ట్యాబ్‌లో ఖాతా తెరవొచ్చు. అయితే ఆ సిమ్‌ను రీచార్జ్ చేయకుండా మూలన పడేయొద్దు. 90 రోజులు వాడకపోతే కనెక్షన్ తీసేసి, తర్వాత ఆ నంబర్‌ను వేరేవాళ్లకు ఇచ్చే అవకాశం ఉంది. ఖాతాకు టూ స్టెప్ పిన్ పెట్టుకోవడం తప్పనిసరి.

ఇంకో విషయం. ఏ సిమ్‌తో ఖాతా తెరిచారో ఆ సిమ్ పరికరంలో ఉంటేనే మెసేజింగ్ యాప్ పనిచేయాలని 2025 నవంబర్ 28న టెలికాం శాఖ ఆదేశాలిచ్చింది. అమలుకు కంపెనీలకు 90 రోజుల గడువు పెట్టింది. ఈ లెక్కన కొత్తగా కొనేవాళ్లు సిమ్ మోడల్ వైపే మొగ్గడం మంచిది. సిమ్ ఉంది కదా అని సరిపెట్టుకోవద్దు, కొన్నింటిలో సిమ్ డేటాకు మాత్రమే. 'మామూలు ఫోన్ కాల్ వెళ్తుందా?' అని షాపులోనే అడిగి, ఒక కాల్ చేసి చూడాలి.

8జీబీ అని రాసి ఉంటే నమ్మొచ్చా?

డబ్బా మీద '8జీబీ' అని ఉండి, పక్కన చిన్నగా '4+4' అని ఉంటే అసలు ర్యామ్ 4జీబీయే. మిగతాది స్టోరేజీ నుంచి తీసుకున్నది. మెసేజ్‌లు, రీల్స్‌కు నిజమైన 4జీబీ సరిపోతుంది, 2జీబీ వద్దే వద్దు. స్టోరేజీ 64జీబీకి తగ్గకూడదు. మెమరీ కార్డు వేస్తాం లే అనుకుంటారు గానీ, వాట్సాప్‌లో వచ్చే ఫోటోలు, వీడియోలు నేరుగా కార్డులోకి వెళ్లవు.

బ్యాటరీలో తేడా బాగానే ఉంటుంది. 8.7 అంగుళాల శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ9లో 5100 ఎంఏహెచ్ ఉంటే, దాదాపు అంతే సైజున్న రెడ్‌మీ ప్యాడ్ ఎస్ఈ 4జీలో 6650 ఉంది. ముందు కెమెరా మొదటిదాంట్లో 2 మెగాపిక్సెల్, రెండోదాంట్లో 5. వీడియో కాల్స్ కోసమే కొంటుంటే ఇది చూడాల్సిందే. రెండింటికీ వెనుక కెమెరా 8 మెగాపిక్సెలే. రొయ్యల రైతులు కౌంట్ ఫోటో తీసి వ్యాపారికి పంపాలంటే ట్యాబ్ కంటే ఫోనే నయం. ఉప్పుగాలికి చార్జింగ్ పిన్ త్వరగా తుప్పు పడుతుంది కాబట్టి మూత ఉన్న కవర్ తీసుకోవాలి. ఈ ధరలో నీటిని తట్టుకునే ట్యాబ్ కోసం ఆశ పెట్టుకోవద్దు. చెరువు గట్టు మీదకు, పడవలోకి తీసుకెళ్లకపోవడమే మంచిది.

దుబాయ్‌లో ఉన్నవాళ్లకు వాట్సాప్ కాల్ కలవకపోతే ట్యాబ్‌ను తిట్టుకోనక్కర్లేదు. యూఏఈలో వాట్సాప్ కాల్స్‌కు అనుమతి లేదు, అక్కడివాళ్లు బోటిమ్ లాంటి యాప్స్ వాడతారు. ఇక రాష్ట్ర ప్రభుత్వ 'మన మిత్ర' సేవలకు 95523 00009 నంబర్‌కు ట్యాబ్‌లోని వాట్సాప్ నుంచి కూడా మెసేజ్ పెట్టొచ్చు.

సెకండ్ హ్యాండ్ అయితే..

2022 డిసెంబర్ 21 నుంచి రాష్ట్రంలో ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రభుత్వం పంచిన ట్యాబ్‌లు చాలా ఇళ్లలో ఉన్నాయి. అవి పాఠాల కోసం ఇచ్చినవి, సోషల్ మీడియా రాకుండా లాక్ చేసినవి. 'అన్‌లాక్ చేసి ఇస్తాం' అంటూ ఎవరైనా అమ్మజూపితే జోలికెళ్లొద్దు. సిమ్ ఉన్న పాత ట్యాబ్ ఏదైనా డబ్బులిచ్చే ముందే *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబర్ వస్తుంది. కాల్ ఆప్షన్ లేని ట్యాబ్ అయితే సెట్టింగ్స్‌లో 'అబౌట్' దగ్గర దొరుకుతుంది. మెసేజ్‌లో ఇంగ్లిష్‌లో కేవైఎం అని మూడక్షరాలు కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబర్ రాసి 14422కి పంపాలి. దొంగిలించినదిగా నమోదై బ్లాక్ అయి ఉంటే జవాబులోనే తెలిసిపోతుంది.