మెడలో స్కార్ఫు కట్టిన బిడ్డలు: స్కౌటు ఉద్యమం మన దాకా నడిచిన దారి

ఆగస్టు 15న, జనవరి 26న జిల్లా కేంద్రాల్లో జెండా ఎగిరేటప్పుడు పోలీసుల వెనుక, ఎన్.సి.సి. విద్యార్థుల వెనుక ఇంకొక చిన్న వరుస కనబడుతుంది. మెడలో రంగు స్కార్ఫు, నడుముకు బెల్టు, మూడు వేళ్లతో సెల్యూటు. వీరే స్కౌట్లు, గైడ్లు. పట్నం బడుల్లో చదివే పిల్లలకు ఇది తెలిసిన సంగతే. పల్లెల్లో మాత్రం దీన్ని గూర్చి తెలిసినవారు తక్కువ. "అది పోలీసు ట్రైనింగా అయ్యగారూ? ఏదైనా పార్టీ సంఘమా? మా పిల్లలకెందుకు?" అని మేము సంఘాలను దర్శించినప్పుడు అడిగినవారున్నారు. అడగవలసిన ప్రశ్నలే. బిడ్డను ఎక్కడికి పంపుతున్నామో తల్లిదండ్రులు తెలుసుకోవాలి. అందుకే ఈ ఉద్యమం ఎక్కడ పుట్టింది, మన ఓరుగల్లు దాకా ఎలా వచ్చింది, మన పల్లె బిడ్డలకు దానితో ఏం పని అనే మాటలు ఈ నెల మీతో పంచుకుంటున్నాము.

ఆదివార బడిలో ఒక ఆలోచన

స్కౌటు ఉద్యమానికి ముందు ఆదివార బడి కథ ఒకటి ఉంది. స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో విలియం అలెగ్జాండర్ స్మిత్ అనే సండే స్కూలు ఉపాధ్యాయుడు ఉండేవాడు. పెద్ద తరగతి మగపిల్లలు కుదురుగా కూర్చోరు, మాట వినరు. ఇది నేటి మన సండే స్కూలు టీచర్లకు కూడా తెలిసిన బాధే. ఆయన పిల్లలను వదిలేయలేదు. వారికి డ్రిల్లు, ఆటలు, క్రమశిక్షణ కలిపి 1883 అక్టోబరు 4న బాయ్స్ బ్రిగేడ్ అనే సంఘాన్ని స్థాపించాడు. ఇరవై ఏళ్లలో అది వేలాది మంది బాలురకు చేరింది.

ఆ బ్రిగేడును చూసి ముచ్చటపడినవారిలో రాబర్ట్ బేడెన్ పవెల్ అనే సైనికాధికారి ఒకడు. ఈయన 1857 ఫిబ్రవరి 22న లండనులో పుట్టాడు. తండ్రి ఆంగ్లికన్ గురువు, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. 1860లో, ఈ బాలునికి మూడేళ్ల వయసులో, తండ్రి చనిపోయాడు. తల్లి హెన్రియెట్టా పిల్లలందరినీ ఒంటిచేతి మీద పెంచింది. 1876లో సైన్యంలో చేరి మొదట వచ్చింది మన దేశానికే, లక్నోకు. అడవిలో అడుగుజాడలు పట్టడం, నక్షత్రాలను చూసి దారి తెలుసుకోవడం వంటివి తన సైనికులకు నేర్పి, 1899లో దానిమీద చిన్న పుస్తకం కూడా రాశాడు.

ఆ ఏడాదే దక్షిణాఫ్రికాలో మెఫెకింగ్ అనే ఊరిని శత్రువులు ముట్టడించారు. ముట్టడి 217 రోజులు సాగింది. పెద్దవారు సరిపోక, అక్కడి బాలురే ఒక దళంగా ఏర్పడి ఉత్తరాలు, కబుర్లు మోశారు. నమ్మకముంచి బాధ్యత అప్పగిస్తే పిల్లలు ఎంత పనికి వస్తారో బేడెన్ పవెల్ అక్కడ కళ్లారా చూశాడు. తిరిగి ఇంగ్లండు చేరేసరికి సైనికుల కోసం తాను రాసిన పుస్తకాన్ని బాలురు, ఉపాధ్యాయులు చదువుతున్నారు. బాలుర కోసమే ఇంకొకటి రాయమని స్మిత్ గారు ఆయనను ప్రోత్సహించారు.

1907 ఆగస్టు 1 నుంచి 8 వరకు బ్రౌన్‌సీ అనే చిన్న దీవిలో ఇరవై మంది దాకా బాలురతో ఆయన మొదటి శిబిరం నడిపాడు. వారిలో కొందరు గొప్ప ఇళ్ల బిడ్డలు, కొందరు బాయ్స్ బ్రిగేడుకు చెందిన పనివారి బిడ్డలు. ధనిక, పేద తేడాలు కొండలా నిలిచిన ఆనాటి ఇంగ్లండులో వారిని కలిపి ఒకే జట్టులో ఉంచి, ఒకే కుండలో వండించడం చిన్న సంగతి కాదు. 1908లో ఆయన కొత్త పుస్తకం విడివిడి భాగాలుగా వెలువడింది. అదే ఏడు జనవరి 24న బర్కెన్‌హెడ్ వై.ఎం.సి.ఎ. హాలులో ఆయన ప్రసంగించాడు. ఆ తర్వాత ఎవరి పిలుపు కోసమూ చూడకుండా ఊరూరా బాలురే జట్లు కట్టుకున్నారు. 1909లో లండనులోని క్రిస్టల్ ప్యాలెస్‌లో స్కౌట్లు కూడుకొన్నప్పుడు కొందరు ఆడపిల్లలు కూడా వచ్చి, మమ్మల్నీ చేర్చుకోమన్నారు. మరుసటి ఏడే గైడ్ల సంఘం ఏర్పడింది.

మన దేశంలో: తలుపు మూసి, తెరిచిన కథ

1909లోనే కెప్టెన్ టి.హెచ్. బేకర్ అనే అధికారి బెంగళూరులో మన దేశపు మొదటి స్కౌటు దళాన్ని ప్రారంభించాడు. 1911లో జబల్‌పూరులో మొదటి గైడ్ల దళం వచ్చింది. అయితే ఆ దళాలు తెల్లవారి, ఆంగ్లో ఇండియనుల పిల్లలకే. భారతీయ బాలురకు ప్రవేశం లేదు. వీరికి క్రమశిక్షణ, కట్టుబాటు నేర్పితే రేపు తమకే ఎదురు తిరుగుతారని పాలకుల భయం. అందరితో స్నేహంగా ఉండమని బోధించే ఉద్యమం, రంగు చూసి తలుపు మూసింది. ఈ మాట దాచవలసిన పని లేదు. గుడి తలుపులు, బడి తలుపులు మూయబడిన బాధ మన పెద్దలకు తెలుసు.

మూసిన తలుపు దగ్గర కూర్చుని ఏడవక, కొందరు వేరే తలుపు తెరిచారు. 1913లో మధ్య పరగణాల్లో వివియన్ బోస్ భారతీయ బాలురతో దళం నడిపారు. ఈయనే తరువాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. షాజహాన్‌పూరులో శ్రీరామ్ బాజ్‌పాయి గారు పూనుకున్నారు. 1916లో మదరాసులో అనీబిసెంట్, జి.ఎస్. అరండేల్ భారతీయ బాలుర స్కౌటు సంఘం పెట్టారు. వీరి పిల్లలు టోపీ బదులు తలపాగా చుట్టి, మన దేశపు పాటలు పాడేవారు. ఆనాడు కోస్తా, రాయలసీమ జిల్లాలు మదరాసు రాష్ట్రంలోనివే. 1917లో అలహాబాదులో మదనమోహన మాలవీయ, హృదయనాథ కుంజ్రూ మొదలైనవారు సేవా సమితి స్కౌటు సంఘం నెలకొల్పారు.

1921లో బేడెన్ పవెల్ స్వయంగా మన దేశం వచ్చాడు. తలుపు భారతీయులకు తెరుచుకుంది. అనీబిసెంట్ గారి సంఘం కూడా అందులో కలిసింది. 1937లో ఢిల్లీలో జరిగిన గొప్ప కూటానికి ఆయన మరల వచ్చాడు. కాని ఆ తరువాత భారతీయులను గూర్చి ఆయన అన్న కొన్ని మాటలు మనవారి మనసు నొప్పించాయి. 1938లో పలువురు వేరుపడి హిందుస్థాన్ స్కౌటు సంఘంగా ఏర్పడ్డారు. గొప్ప పని ప్రారంభించినవాడైనా మనుష్యుడే. పనిలోని మేలు తీసుకొని, మనిషిలోని లోపాన్ని లోపమని చెప్పడమే న్యాయం.

స్వాతంత్ర్యం వచ్చాక నెహ్రూ గారు, విద్యామంత్రి మౌలానా ఆజాద్ గారు ఈ సంఘాలన్నిటినీ ఒకటి కమ్మని కోరారు. 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది. 1951 ఆగస్టు 15న గైడ్ల సంఘం కూడా లాంఛనంగా ఇందులో చేరింది. సంఘాలు విడిపోవడం సులువు, కలవడం కష్టమని మనకు తెలుసు. వీరు కలిశారు.

మన ఓరుగల్లు వైపు

వరంగల్లు 1948 వరకు నిజాము ఏలుబడిలోనిది. హైదరాబాదు సంస్థానానికి తనదైన స్కౌటు సంఘం ఉండేది. సంస్థానం దేశంలో కలిసిన తరువాత ఆ పని కూడా జాతీయ సంఘంలో కలిసింది. 1953లో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ తన మొదటి జాతీయ జాంబూరీకి ఎన్నుకొన్నది మన హైదరాబాదునే. జాంబూరీ అంటే వేలాది మంది పిల్లలు గుడారాల్లో కలిసి బ్రతికే పెద్ద కూటం. ఐదేళ్ల క్రితమే కలహాలు, కన్నీళ్లు చూసిన నగరంలో, దేశం నలుమూలల పిల్లలు ఒక జెండా కింద కూడుకున్నారు.

రైల్వే కుటుంబాలవారికి ఈ సంగతి ఇంకా దగ్గర. స్కౌటు సంఘంలో రైల్వే జోనులు కూడా రాష్ట్రాలవలెనే లెక్క. 1966లో ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేలో మన కాజీపేట జంక్షను ఉంది. రైల్వేలో స్కౌటు, గైడు కోటా కింద కొన్ని ఉద్యోగాలు కూడా భర్తీ చేస్తుంటారు. రాష్ట్రపతి పురస్కారం వంటి పై మెట్లు ఎక్కినవారికే అది ఉపయోగం. అయితే సర్టిఫికెట్టు కోసమే బిడ్డను పంపితే, గింజ పారేసి పొట్టు ఇంటికి తెచ్చుకున్నట్టే.

ఆ గింజ ఏమిటి?

పని నడిచే పద్ధతి చిన్నది. ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లలు ఒక జట్టు. వారిలో ఒకరు నాయకుడు. పెద్దవారు దూరంగా నిలిచి కనిపెడతారు, పని పిల్లలే చేస్తారు. పదేళ్ల లోపువారు కబ్‌లు, బుల్‌బుల్‌లు. ఆ పైవారు స్కౌట్లు, గైడ్లు. యౌవనస్థులు రోవర్లు, రేంజర్లు. మూడు వేళ్ల సెల్యూటు మూడు బాధ్యతలకు గురుతు: దేవునిపట్ల, దేశంపట్ల తన విధి, ఇతరులకు సహాయం, స్కౌటు నియమాలకు లోబడడం. రోజుకు ఒక మంచి పనైనా చేయాలి, దానికి బదులు ఏమీ పుచ్చుకోకూడదు.

మన పల్లె బిడ్డలకు ఇది ఎందుకు? మన పొలాల్లో గట్టు లేని వ్యవసాయ బావులున్నాయి. వేసవి సెలవుల్లో ఈతకు పోయిన బిడ్డలను పాతిపెట్టిన తల్లిదండ్రులు మన సంఘాల్లో కూర్చుని ఉన్నారు. మునిగిపోతున్నవానికోసం వెనుక దూకి ఇద్దరూ పోయిన సంగతులు వింటున్నాము. తాడో, చీరో, ఎండు కొమ్మో అందించాలి గాని ఈత సరిగా రానివాడు దూకకూడదని స్కౌటుకు నేర్పుతారు. బరువు పడినా బిగుసుకోని ఉచ్చు ముడి ఎలా వేయాలో చేతితో చేయిస్తారు. పాము కాటు వేస్తే గట్టిగా తాడు కట్టి, కత్తితో కోయమని పాత పుస్తకాలు చెప్పేవి. అది హాని అని నేటి వైద్యులు చెప్తున్నారు. కరిచిన కాలు కదలనీయకుండా, మంత్రగాని దగ్గర ఆలస్యం చేయకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకుపోవాలి. మిర్చి, పత్తి చేలలో పనిచేసే ఇంట ఈ ఒక్క పాఠం ఒక ప్రాణం.

ఇంకొక మేలు కూడా ఉంది. స్కౌటు నియమాల్లో ఒకటి, అందరికీ స్నేహితుడుగా, తోటి స్కౌటుకు సోదరుడుగా ఉండాలని. ఒకే గుడారంలో పడుకొని, ఒకే కుండలో వండుకొని తిన్న పిల్లలకు మాల, మాదిగ, రెడ్డి, లంబాడా అని వేరు పెట్టడం తరువాత కష్టమవుతుంది. ప్రసంగాల్లో మేము ఏళ్ల తరబడి చెప్పే మాటను ఒక వారం శిబిరం చేతల్లో చూపగలదు.

తల్లిదండ్రుల రెండు సందేహాలు

మొదటిది ప్రార్థనను గూర్చినది. శిబిరాల్లో సర్వధర్మ ప్రార్థన ఉంటుంది, మా బిడ్డ విశ్వాసం ఏమవుతుందని కొందరు వెనుకాడుతారు. స్కౌటు ఏ మతాన్నీ మార్చుకోనక్కరలేదు. తన విశ్వాసంలో తాను నమ్మకంగా ఉండాలనేదే అక్కడి ఉద్దేశం. ఇంట కుటుంబ ప్రార్థన ఉన్న బిడ్డ ఇతరుల ప్రార్థన జరిగేటప్పుడు మర్యాదగా నిలబడి, తన వంతు వచ్చినప్పుడు ధైర్యంగా తన ప్రార్థన చేయగలడు. ఇంట ప్రార్థన లేకపోతే, భయపడవలసింది శిబిరానికి కాదు.

రెండవది భద్రతను గూర్చినది. ఇది బరువైన మాట. అమెరికా స్కౌటు సంఘంలో ఏళ్ల తరబడి కొందరు నాయకులు పిల్లలపై లైంగిక దౌర్జన్యాలు చేశారు. ఆ వ్యాజ్యాల భారంతో 2020 ఫిబ్రవరిలో ఆ సంఘం దివాలా పిటిషను వేసింది. 82 వేలకు పైగా బాధితులు ముందుకు వచ్చారు. ఇది ఒక్క స్కౌట్లకే సంబంధించిన పాపం కాదు. బడి, హాస్టలు, సంఘం, పిల్లలు ఉండే ప్రతి చోటా కాపలా కావాలి. కాబట్టి అడగండి: శిబిరంలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవారైనా ఉంటారా? ఆడపిల్లలతో మహిళా నాయకురాలు ఉంటుందా? ఒక పెద్దమనిషి ఒక బిడ్డను ఒంటరిగా పిలుచుకుపోయే వీలుందా? ఈ ప్రశ్నలకు కోపగించుకునే నాయకుని దగ్గరకు బిడ్డను పంపకండి. ఇవే ప్రశ్నలు మా వి.బి.ఎస్. తరగతులకూ వేయండి, మేము సంతోషిస్తాము.

దూరపు ఊరి బిడ్డకు ఎవరున్నారు?

అమెరికాలో కూడా మొదట స్కౌటింగ్ పట్నాల పనిగానే సాగింది. పొలాల మధ్య, ఒక ఇంటికి ఇంకో ఇల్లు మైళ్ల దూరాన ఉండే రైతుబిడ్డలకు జట్టు ఎక్కడ దొరుకుతుంది? 1910లో అక్కడ స్కౌటు సంఘం స్థాపించిన విలియం బోయిస్ ఈ లోటు చూశాడు. 1915లో ఒంటరి స్కౌట్ల సంఘం వేరుగా ప్రారంభించాడు. బిడ్డ ఇంటివద్దే ఉండి పనులు నేర్చుకొని, పత్రిక ద్వారా తోటివారితో కలిసేవాడు. ఆ పత్రికకు పల్లె పిల్లలే వ్యాసాలు రాసేవారు. 1924లో ఆ సంఘం పెద్ద సంఘంలో కలిసింది.

మన ఊళ్లు అంత దూరదూరంగా లేవు. ప్రతి ఊరిలో బడి ఉంది, చాలా ఊళ్లలో ప్రార్థన మందిరం ఉంది. ఎనిమిది మంది పిల్లలుంటే ఒక జట్టు. లేనిది శిక్షణ పొందిన పెద్దమనిషి ఒక్కడే. మీ సంఘంలో డిగ్రీ చదివి పని కోసం ఎదురుచూసే యౌవనస్థులు లేరా? పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలు లేదా? ఊరి బడి ప్రధానోపాధ్యాయునితో మాట్లాడి, జిల్లా స్కౌట్స్ అండ్ గైడ్స్ సంఘాన్ని కలిసి, ప్రాథమిక శిక్షణ శిబిరానికి ఒకరిని పంపండి. దారి ఖర్చు సంఘం పెట్టుకోవచ్చు. దళం ఊరందరి బిడ్డలది కావాలి, మన మందిరపు పిల్లలది మాత్రమే కాదు.

బేడెన్ పవెల్ 1941 జనవరి 8న ఆఫ్రికాలోని కెన్యాలో, న్యెరి అనే ఊళ్లో కన్నుమూశాడు. ఆయన సమాధిరాయి మీద ఒక వలయం, దాని నడుమ ఒక చుక్క చెక్కి ఉంటాయి. అడవిదారిలో స్కౌట్లు వెనుక వచ్చేవారి కోసం వేసే గురుతు అది. నేను ఇల్లు చేరాను అని దాని అర్థం. పిల్లలకు దారి గురుతులు వేసి వెళ్లడమే పెద్దల పని. ఈ వేసవి సెలవులు రాకముందే మీ ఊరిలో ఒక జట్టుకు పేరు పెట్టగలరేమో, వచ్చే ఆదివారం ఆరాధన తరువాత పదిమంది కూర్చుని ఆలోచించండి.