ఆఫీసుకు ఒకటి... ఆనందానికి ఒకటి!

ఏడాదికి నాలుగుసార్లు వెళ్లే షికారు కోసం మూడొందల రోజులు పెద్ద బండిని ట్రాఫిక్‌లో ఈడ్చుకెళ్లాలా? రోజువారీ తిరుగుళ్లకు చిన్న ఎలక్ట్రిక్ కారు, సరదాకి మనసైన మరో బండి... ఇలా రెండుగా విడగొడితే? ఆలోచన బాగానే ఉంది. మరి లెక్క కుదురుతుందా?

ఆదివారం పొద్దున్నే కాఫీ కప్పుల మధ్య మొదలవుతుంది చర్చ.
‘థార్ కొందామోయ్. కొంటే అలాంటిది కొనాలి’ అంటాడాయన.
‘ఆఫీసుకు దాన్ని తోలుకెళ్లేది నేను. ఉప్పల్ నుంచి మాదాపూర్‌కి అంత బండిలోనా? పెట్రోలు మీరు పోయిస్తారా?’ అంటుందావిడ.
‘అంత ఎత్తు నేనెక్కలేనురా నాయనా’ అని పేపరు వెనక నుంచి తాతయ్య.
‘పైకప్పు తీసేస్తే భలే ఉంటుంది నాన్నా!’ అని పిల్లాడు.

గంటసేపు వాదించుకున్నాక అందరూ కాస్త కాస్త తగ్గుతారు. వారం తిరిగేసరికి ఇంటిముందు అటూ ఇటూ కాని ఓ పదహారు లక్షల బండి నిలబడుతుంది. ట్రాఫిక్‌లో అది భారం. కొండ ఎక్కేటప్పుడు ఆయనకు చప్పన. నెలనెలా ఈఎమ్‌ఐ మాత్రం ఎవరికీ తప్పదు!

ఈ కథ చాలా ఇళ్లలో జరిగేదే. తిప్పలన్నీ ఒక్క బండితోనే అన్ని పనులూ అయిపోవాలనుకోవడంతో వస్తున్నాయి. అందుకే కొందరు ఇప్పుడు అదే డబ్బును రెండు భాగాలు చేస్తున్నారు.

ముందు డైరీ... తర్వాతే షోరూమ్

కారు కొనేముందు చేయాల్సిన పని ఒకటుంది. ఒక నెలపాటు ఎక్కడికి ఎన్ని కిలోమీటర్లు తిరిగారో రాసి పెట్టుకోండి. ఆఫీసు, బడి, కూరగాయలు, ఆస్పత్రి... ఇవన్నీ ఒక పద్దు. తిరుపతి, శ్రీశైలం, అరకు, అత్తారిల్లు... ఇవి మరో పద్దు. మొదటి పద్దులో రోజుకు ఎన్ని కిలోమీటర్లు తేలిందన్నదే అసలు విషయం.

ఉప్పల్ ఇల్లాలి సంగతే తీసుకుందాం. రానూపోనూ 45 కిలోమీటర్లు, నెలకు 22 రోజులు. అంటే దాదాపు వెయ్యి కిలోమీటర్లు. నగరం రద్దీలో లీటరుకు 14 కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారైతే, లీటరు 107 రూపాయల చొప్పున నెలకు సుమారు 7,600 రూపాయలు. అదే చిన్న ఎలక్ట్రిక్ కారుకు, చార్జింగ్‌లో పోయేది కూడా కలుపుకొని వంద కిలోమీటర్లకు 14 యూనిట్లు అనుకుందాం. యూనిట్ 9 రూపాయలేసుకున్నా వెయ్యి కిలోమీటర్లకు 1,260 రూపాయలే. నెలకు 6,300, ఏడాదికి 75 వేల పైచిలుకు మిగులు!

ఆగండి... అప్పుడే ఎగిరి గంతేయకండి. అదే సైజు పెట్రోలు కారు కంటే ఎలక్ట్రిక్ కారు ధర ఎక్కువ. తేడా మూడు లక్షలనుకుంటే అది తిరిగి రావడానికి నాలుగేళ్లు పడుతుంది. మీ తిరుగుడు నెలకు 400 కిలోమీటర్లేనా? అప్పుడు మిగిలేది ఏడాదికి 30 వేలే. తేడా రాబట్టుకోవడానికి పదేళ్లు! అంటే ఇది రోజూ దూరం తిరిగేవాళ్ల బేరం. వీధి చివర బడిదాకా వెళ్లొచ్చేవాళ్లు ఉన్న బండితో సరిపెట్టుకోవడమే మేలు.

రేవా నుంచి కామెట్ దాకా

చిన్న ఎలక్ట్రిక్ కారు మనకు కొత్తేమీ కాదు. బెంగళూరులో చేతన్ మైనీ బృందం 2001లోనే ‘రేవా’ను రోడ్డెక్కించింది. రెండు తలుపుల బుల్లి కారు. ఒకసారి చార్జ్ చేస్తే 80 కిలోమీటర్లు. లండన్‌లో ‘జీ-విజ్’ పేరుతో తిరిగింది కానీ మన దగ్గర పెద్దగా అమ్ముడుపోలేదు. 2010లో ఆ సంస్థ మహీంద్రా చేతికొచ్చింది. అప్పటి సీసం బ్యాటరీల స్థానంలో లిథియం-అయాన్‌వి రావడంతో కథ మారిపోయింది.

2022లో వచ్చిన టాటా టియాగో ఈవీ 8.49 లక్షల ప్రారంభ ధరతో మధ్యతరగతి ఇంటి గుమ్మం తొక్కింది. అయిదు తలుపులు, 19.2 లేదా 24 యూనిట్ల బ్యాటరీ. తాతయ్య సులువుగా ఎక్కి దిగొచ్చు. 2023లో వచ్చిన ఎంజీ కామెట్ పొడవు మూడు మీటర్లు కూడా లేదు. ఇరుకు సందుల్లో పార్కింగుకి దాన్ని మించింది లేదు. తలుపులు రెండే కాబట్టి వెనక సీట్లోకి వెళ్లాలంటే ముందు సీటు వంచాలి. సామాన్లకు చోటు తక్కువ. బయటి డీసీ ఫాస్ట్ చార్జర్లు దానికి పనికిరావు. ఇంట్లో చార్జ్ చేసుకుని ఊళ్లో తిరగడానికే ఉద్దేశించిన బండి అది. కాస్త ఎత్తుగా, పెద్దగా కావాలంటే 2024లో వచ్చిన టాటా పంచ్ ఈవీ ఉంది. అప్పుడు బడ్జెట్టూ పెరుగుతుంది.

బ్యాటరీని అద్దెకు తీసుకునే పద్ధతి ఒకటి 2024లో మొదలైంది. ఆ ఏడాది కామెట్‌ను 4.99 లక్షలకు ఇచ్చి, కిలోమీటరుకు 2.50 రూపాయల చొప్పున బ్యాటరీ అద్దె తీసుకునే పథకం ప్రకటించారు. వినడానికి ఇంపుగా ఉంటుంది కానీ, వెయ్యి కిలోమీటర్లు తిరిగేవాళ్లకు అద్దే 2,500 రూపాయలు. కరెంటు ఖర్చు దానికి అదనం. ఇలాంటి పథకాల్లో నెలకు కనీసం ఇన్ని కిలోమీటర్లకు డబ్బు కట్టాలన్న షరతు ఉందేమో సంతకానికి ముందే అడగాలి.

కాగితం మీద 315... రోడ్డు మీద?

24 యూనిట్ల టియాగోకు కంపెనీ మొదట్లో చెప్పిన దూరం 315 కిలోమీటర్లు. అది పరీక్ష కేంద్రంలో తేలే అంకె. ఏసీ, ఎండ, నలుగురు మనుషులు, సామాన్లు... ఇవన్నీ ఉండే మన రోడ్లమీద అందులో మూడింట రెండొంతులు లెక్కేసుకోవడం క్షేమం. అంటే సుమారు 210 కిలోమీటర్లు. రోజుకు 45 కిలోమీటర్ల ప్రయాణానికి అది పుష్కలం. మూడు రోజులకోసారి చార్జ్ చేసినా చాలు.

ఇక్కడో తమాషా ఉంది. పెట్రోలు కారు ఊళ్లో ఎక్కువ తాగుతుంది, హైవేలో మైలేజీ ఇస్తుంది. ఎలక్ట్రిక్ కారుది ఇందుకు తిరకాసు. వేగం తగ్గించిన ప్రతిసారీ దాని మోటారు జనరేటరులా తిరిగి కొంత కరెంటును బ్యాటరీకి పంపుతుంది. సిగ్నళ్ల దగ్గర ఆగుతూ సాగుతూ పోయే ప్రయాణం దానికి అచ్చొస్తుంది. హైవేలో వందకు పైన పోతే మాత్రం చార్జి చకచకా పడిపోతుంది.

డీజిలు బండి సంగతీ వినండి. బీఎస్-6 డీజిలు కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే ఇంజిను బాగా వేడెక్కేలా కాసేపు ఆగకుండా నడవాలి. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగితే ఫిల్టరు పూడుకుపోతుంది. అంటే ఊళ్లో అలవోకగా తిరిగేది కరెంటు బండి, దూరం పోతేనే ఆరోగ్యంగా ఉండేది డీజిలు బండి. రెండు బండ్ల ఆలోచనకు బలం ఇక్కడే ఉంది!

ప్లగ్గు ఎక్కడుంది?

ఎలక్ట్రిక్ కారు కొనేవాళ్లు ముందు చూడాల్సింది బండి రంగు కాదు, పార్కింగ్ దగ్గర ప్లగ్గు. మామూలు 15 ఆంపియర్ల సాకెట్‌తో 24 యూనిట్ల బ్యాటరీ నిండటానికి దాదాపు 9 గంటలు పడుతుంది. రాత్రి పెడితే పొద్దున్నకి సిద్ధం. ఎర్తింగ్ సరిగా లేకపోతే చాలా బండ్లు చార్జింగే తీసుకోవు. అందుకని ఎలక్ట్రీషియన్‌కి ముందే చూపించాలి. సొంత మీటరు నుంచి పార్కింగ్ దాకా విడిగా వైరు లాగించుకోవడం ఉత్తమం.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు అడ్వాన్సు కట్టడానికి ముందే అసోసియేషన్‌తో మాట్లాడాలి. సొంత ఇంటి కరెంటు కనెక్షన్ మీద వాహనం చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. ఆ ముక్క గుర్తుపెట్టుకుంటే మాటలు సులువవుతాయి. నెలకు అదనంగా పడే 140 యూనిట్లతో ఇంటి బిల్లు పై శ్లాబుకి వెళ్తుందేమో కూడా చూసుకోవాలి.

ఇక... మనసైన బండి

వారాంతం బండి విషయంలో లెక్కలు సగమే పనిచేస్తాయి. మిగతా సగం ఇష్టం. ఇష్టానికి చోటివ్వడానికేగా ఇదంతా!

కొండలూ బురదా అంటే మోజున్నవాళ్లకు థార్, జిమ్నీ. 2020లో వచ్చిన మూడు తలుపుల థార్‌లో నలుగురికే చోటు. వెనక సీట్లోకి ఎక్కడం కొంచెం కసరత్తే. 2023లో వచ్చిన జిమ్నీకి అయిదు తలుపులున్నా మనుషులు నలుగురే. అయితే అన్ని రకాల్లోనూ నాలుగు చక్రాలకూ శక్తి అందుతుంది. పాతకాలం రుచి కావాలంటే 1985లో పుట్టిన జిప్సీ ఉంది. మలుపుల్లో దూసుకుపోవడం ఇష్టమైనవాళ్లు పోలో జీటీ టీఎస్ఐ లాంటి వాటికోసం వెతుకుతుంటారు. పోలో తయారీ మన దేశంలో 2022లో ఆగిపోయింది కాబట్టి సెకండ్‌హ్యాండే దిక్కు.

నిజానికి వారాంతం బండిని సెకండ్‌హ్యాండ్‌లో కొనడమే తెలివి. కొత్త కారు ధర మొదటి మూడు నాలుగేళ్లలోనే బాగా పడిపోతుంది. ఆ నష్టం మొదటి యజమాని భరించేశాడన్నమాట. కొనేముందు నమ్మకమైన మెకానిక్‌ను వెంటబెట్టుకుని అడుగుభాగం చూపించండి. బురదలో, రాళ్లలో తిరిగిన బండి గుట్టంతా అక్కడే ఉంటుంది. సర్వీసు రికార్డు, ఆర్‌సీ మీద బ్యాంకు పేరు, పాత ఇన్సూరెన్స్ క్లెయిములు చూడాలి. పదిహేనేళ్లు దాటిన బండైతే ఫిట్‌నెస్ చేయించి, అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి.

షికారుకి ఎలక్ట్రిక్ కారే ఎందుకు పనికిరాదు అంటారా? అనంతగిరి కొండలకైతే హాయిగా వెళ్లిరావచ్చు. శ్రీశైలం అలా కాదు. హైదరాబాద్ నుంచి 215 కిలోమీటర్ల దాకా ఉంటుంది. పైగా ఘాట్ రోడ్డు. పులుల అభయారణ్యం కావడంతో రాత్రి 9 నుంచి పొద్దున్న 6 వరకు ఆ అడవి దారిలో వాహనాల్ని వదలరు. దారిలో చార్జర్ ఖాళీ లేక గంట ఆలస్యమైతే గేటు దగ్గరే తెల్లవారుతుంది!

నిలబడ్డా తింటుంది

వారానికోసారి తీసే బండికి తిండి దండగ ఉండదనుకుంటే పొరపాటే. రెండు మూడు వారాలు కదలకపోతే బ్యాటరీ పడుకుంటుంది. టైర్లలో గాలి తగ్గి ఒకేచోట ఒత్తిడి పడుతుంది. ఎలుకలు బానెట్‌లోకి దూరి వైర్లు కొరుకుతాయి. పెట్రోలులో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. దానికి తేమను పీల్చే గుణం ఉంది. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన పాత బండిలో అదే పెట్రోలు నెలల తరబడి నిలవ ఉంచడం మంచిది కాదు. అందుకే వారానికోసారి ఓ అరగంటైనా తిప్పాలి.

పన్నుల సంగతీ ఉంది. ఎలక్ట్రిక్ కార్ల మీద జీఎస్టీ 2019లో 5 శాతానికి తగ్గింది. 2025 సెప్టెంబరులో చిన్న పెట్రోలు, డీజిలు కార్ల మీద 28 నుంచి 18 శాతానికి దిగింది. తెలంగాణలో ఎలక్ట్రిక్ వాహనాలకు 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయిస్తూ ఉత్తర్వులిచ్చారు. ఒకే పేరు మీద రెండో సొంత వాహనం కొంటే అక్కడ లైఫ్ ట్యాక్స్ 2 శాతం అదనం. కాబట్టి ఏ బండి ఎవరి పేరున అన్నది ముందే అనుకోవాలి. ఈవీ అప్పు వడ్డీ మీద ఆదాయపు పన్ను తగ్గుతుందని ఎవరైనా ఊరిస్తే నమ్మకండి. ఆ సెక్షన్ 2023 మార్చి 31లోగా మంజూరైన అప్పులకే వర్తిస్తుంది.

ఇన్సూరెన్స్ రెండు బండ్లకూ కట్టాల్సిందే. ఊరట ఏమిటంటే, తిరిగిన కిలోమీటర్లను బట్టి ప్రీమియం తీసుకునే పాలసీలకు, ఒకరి పేరుమీదున్న బండ్లన్నిటికీ కలిపి ఒకే పాలసీ ఇవ్వడానికి బీమా నియంత్రణ సంస్థ 2022లో అనుమతిచ్చింది. తక్కువ తిరిగే బండికి ఇవి అడిగి చూడొచ్చు.

ఒక్క అప్పు... అదీ రోజూ తిరిగే బండికే

రెండు బండ్ల ఆలోచన కుప్పకూలేది ఒక్కచోటే. రెండింటికీ అప్పు చేసినప్పుడు! ఎలక్ట్రిక్ కారు నెలకు ఆరువేలు మిగుల్చుతుంది కాబట్టి దాని ఈఎమ్‌ఐలో కొంత అదే కట్టుకుంటుంది. సరదా బండి పైసా సంపాదించదు. అందుకే దాన్ని చేతిలో ఉన్న డబ్బుతోనే కొనాలి. లేకపోతే ముందు ఎలక్ట్రిక్ కారు కొని, మిగిలే డబ్బును విడిగా ఓ ఖాతాలో వేయండి. నాలుగేళ్లకు మూడు లక్షలు దాటుతుంది. అప్పటికీ మోజు తగ్గకపోతే అది నిజమైన మోజే!

ఈలోపు? నల్ల ప్లేటు మీద పసుపు అంకెలుండే అద్దె బండ్లు ఉండనే ఉన్నాయి. రోజుకు మూడువేలనుకున్నా, రెండేసి రోజుల చొప్పున పది ప్రయాణాలకు 60 వేలు. సొంత బండికి ఇన్సూరెన్స్, సర్వీసు, టైర్లు, తరిగే విలువ కలిపితే ఏడాదికి ఇంచుమించు అంతే అవుతుందనుకుంటే, పదిసార్లలోపు తిరిగేవాళ్లకు అద్దె బండే లాభం. పైగా ఈ నెల థార్, వచ్చే నెల జిమ్నీ. ఎలుకల బెడద వాళ్లది, షికారు మనది.

మళ్లీ ఆ ఉప్పల్ ఇంటికే వెళ్దాం. ఆవిడకు కావాల్సింది అలసట లేని ప్రయాణం. తాతయ్యకు ఎక్కగలిగే ఎత్తు. ఆయనకూ పిల్లాడికీ నెలకో కొండ. ఒకే బండిని అడిగినప్పుడు ఇవన్నీ గొంతెమ్మ కోరికలే. రెండుగా పంచితే ఎవరి ముచ్చట వారిదే. కాకపోతే కాఫీ కప్పుల పక్కన ఈసారి ఓ కాగితం, పెన్నూ ఉండాలి. కారు మీద ఎంత ప్రేమున్నా... కిలోమీటర్ల లెక్క తేలాకే తాళం చెవి అందుకోవాలి!