అద్దం కొత్తదైతే చాలదు.. రబ్బరూ మార్చాలి
పాత అంబాసిడర్ యజమానులు తెలుసుకోవలసిన సంగతులు

అఫ్జల్‌గంజ్: పల్లెల్లో తిరిగే పాత అంబాసిడర్ కారుకు ముందు అద్దం పగిలితే యజమాని హైదరాబాదు బస్సెక్కుతాడు. మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో దిగి అఫ్జల్‌గంజ్, గౌలిగూడ, పుత్లీబౌలి వీధుల్లో విడిభాగాల దుకాణాలు గాలిస్తాడు. ఈ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. కాబట్టి సరైన సరుకు ఎంచుకునే బాధ్యత కొనేవారిదే.

చాలామంది అద్దం మాత్రం కొని, పాత రబ్బరుతోనే బిగించమంటారు. చిక్కంతా అక్కడే ఉంది. ఏళ్ల తరబడి ఎండకు ఎండి, వానకు తడిసిన రబ్బరు బిరుసెక్కి పగుళ్లిస్తుంది. ఆ సందుల్లోంచి దిగిన నీరు అద్దం చుట్టూ ఉన్న రేకు అంచును, కాళ్ల కింది రేకును తినేస్తుంది. తుప్పుతో అంచు ఎగుడుదిగుడైతే కొత్త అద్దంపై ఒత్తిడి పడి అదీ పగులుతుంది.

ఏ అద్దం కొనాలి?

రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉండే లామినేటెడ్ అద్దమే మేలు. రాయి తగిలితే బీటలిస్తుంది గాని ముక్కలు మొహం మీద పడవు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ముందు అద్దం కనీసం 70 శాతం వెలుతురును లోపలికి రానివ్వాలి. రబ్బరు కొనడానికి వెళ్లేటప్పుడు పాతదానిలో జానెడు ముక్క కోసి వెంట తీసుకెళ్లాలి. గాడి వెడల్పు సరిపోయిందీ లేనిదీ దుకాణంలోనే తేలిపోతుంది.

తాడుతో బిగింపు

ముందుగా పాత రబ్బరు కోసి తీసేయాలి. అంచుకు పట్టిన తుప్పు గీకి రంగు వేసి, ఆరనివ్వాలి. కొత్త రబ్బరును అద్దం చుట్టూ తొడిగి, రేకు కూర్చునే గాడిలో సన్నని గట్టి తాడు చుట్టాలి. తాడు కొసలు రెండూ అడుగున మధ్యకు రావాలి. సబ్బునీరు రాసి, అద్దాన్ని బయటినుంచి ఆనించాలి. లోపలి మనిషి తాడును మెల్లగా లాగుతుంటే రబ్బరు పెదవి అంచు దాటి లోపలికి వస్తుంది. బయటి మనిషి అదే చోట అరచేత్తో అదుముతుండాలి. సుత్తితో కొట్టరాదు.

చివరగా బిందెడు నీళ్లు పోసి, లోపల తడి తగులుతోందేమో చూడాలి.

సొంత కారుకు పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే తనిఖీకి నిలబెట్టక తప్పదు. రబ్బరు దగ్గర పొదుపు చేస్తే తర్వాత రేకు పనికి అంతకు ఎన్నో రెట్లు పోయాలి. తొలకరి రాకముందే ఈ పని ముగించుకోవడం మంచిది.