బడి పండుగకి అమ్మలూ వెళ్ళాలి

పిల్లల్ని తయారుచేసి, క్యారేజీ చేతికిచ్చి బడికి పంపగానే "హమ్మయ్య" అనుకుంటాం. మరి అక్కడ వాళ్ళేం నేర్చుకుంటున్నారో మనం చూసేదెప్పుడు? బడిలో పండుగ జరిగే రోజున!

ఆగస్టు 29 గిడుగు రామ్మూర్తిగారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. నవంబరు 14 బాలల దినోత్సవం. 2024 డిసెంబరు 7న మన రాష్ట్రంలోని ప్రభుత్వ బడుల్లో ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. అమ్మలకి ముగ్గుల పోటీలు కూడా జరిపారు.

మా సత్తెనపల్లి వైపు మిరపకాయ కోతలప్పుడు కూలి మానుకుని బడికి రావాలంటే తల్లులకి కష్టమే. అలాంటప్పుడు నాయనమ్మనో, పిన్నినో పంపండి. తన తరఫున ఎవరూ రాకపోతే పసిమనసు ఎంత చిన్నబుచ్చుకుంటుందో! మీరు వెళ్తే, అమ్మ రాలేని పక్కింటి పిల్ల పాటకీ చప్పట్లు కొట్టండి.

ఆటపాటలు చూసి వచ్చేయకండి. నోటుపుస్తకం తిరగేయండి. పాఠంలో నాలుగు వాక్యాలు చదివించుకుని వినండి. ఎక్కడ తడుముకుంటున్నారో టీచరుగారిని అడగండి. "నాకు చదువు రాదు కదా" అని మొహమాటపడకండి. పిల్లలు గుక్కతిప్పుకోకుండా చదువుతున్నారో, ఆగిపోతున్నారో తెలుసుకోవడానికి చెవులుంటే చాలు.

ఇంట్లో కందిపప్పు ఏరేటప్పుడు పదేసి బద్దలు కుప్పలు పెట్టించండి. పదులు, ఒకట్లు తేలిగ్గా తెలుస్తాయి. ముగ్గేసేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని 6 వరసల్లో ఆరేసి చుక్కలు పెట్టించి, మొత్తం ఎన్నో అడగండి. 36 అని లెక్కపెట్టి చెప్పిన పిల్లలకి ఆరో ఎక్కం బట్టీ పట్టించే పనుండదు.