ఆఖరి మలుపులో చిక్కిన స్వర్ణం

2002 ఫిబ్రవరి 16. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో వింటర్ ఒలింపిక్స్. 1000 మీటర్ల షార్ట్ ట్రాక్ స్పీడ్ స్కేటింగ్ ఫైనల్లో ఐదుగురు దిగారు. ఆస్ట్రేలియా స్కేటర్ స్టీవెన్ బ్రాడ్‌బరీ అందరికన్నా బాగా వెనక ఉన్నాడు. ఆఖరి మలుపులో చైనాకు చెందిన లీ జియాజున్, ముందున్న అమెరికా ఆటగాడు అపోలో ఓనోను దాటబోయి పడిపోయాడు. కన్నుమూసి తెరిచేలోగా ఓనో, కొరియా కుర్రాడు ఆన్ హ్యూన్‌సూ, కెనడాకు చెందిన మాథ్యూ టర్కాట్ కూడా మంచు మీద జారుకుంటూ పోయారు. బ్రాడ్‌బరీ వాళ్లను దాటుకుంటూ వచ్చి, రెండు చేతులూ పైకెత్తి గీత దాటాడు. వింటర్ ఒలింపిక్స్‌లో దక్షిణార్ధగోళ దేశాలకు అదే తొలి స్వర్ణం.

గుడ్డి అదృష్టం అనుకోవడం సులువే. క్వార్టర్ ఫైనల్లో అతను మూడో స్థానంలో వచ్చాడు. పైనున్న ఆటగాడిపై అనర్హత వేటు పడటంతో ముందుకెళ్లాడు. సెమీఫైనల్లోనూ ముందున్నవాళ్లు పడిపోయారు.

కానీ వెనక ఉండటం అతను ఎంచుకున్న ఎత్తుగడ. మిగతావాళ్ల వేగం తనకు లేదని అతనికీ తెలుసు, కోచ్‌కీ తెలుసు. గుంపులో దూరి పోటీపడితే తానూ పడిపోతాడు. దూరంగా ఉంటే, ముందువాళ్లు ఢీకొన్నప్పుడు దారి దొరుకుతుంది. ఒక చుట్టు 111 మీటర్లు మాత్రమే ఉండే ట్రాక్‌లో, పతకం కోసం తెగించే నలుగురు ఢీకొనడం అరుదేమీ కాదు.

అసలు ఫైనల్ దాకా రావడమే అతనికి ఎంత కష్టమైందో చూడాలి. 1994లో మాంట్రియల్ పోటీలో మరో స్కేటర్ బ్లేడు తొడలోకి దిగి నాలుగు లీటర్ల రక్తం పోయింది. 111 కుట్లు పడ్డాయి. 2000లో ప్రాక్టీసులో మెడ ఎముకలు విరిగాయి. అయినా మళ్లీ మంచు మీదికొచ్చాడు.

అదృష్టం పాలు అన్ని ఆటల్లో ఒకేలా ఉండదు. ల్యూజ్ సింగిల్స్‌లో ఒక్కొక్కరే దిగుతారు, నాలుగు పరుగుల సమయాన్నీ కలిపి సెకనులో వెయ్యో వంతు దాకా లెక్కగడతారు. అక్కడ ఒకరు పడితే ఇంకొకరికి దారి తెరుచుకోదు. స్కీ జంపింగ్‌లోనైతే గాలే పెద్ద సమస్య. ఎదురుగాలి తగిలినవాడు ఎక్కువ దూరం తేలిపోతాడు. అందుకే గాలిని కొలిచి పాయింట్లు కలపడం, తీసేయడం ఇప్పుడు నిబంధనల్లో భాగం. అదృష్టాన్ని తగ్గించాలని ఆ ఆటల వాళ్లు పట్టుబట్టి చేసిన మంచి పనులివి. షార్ట్ ట్రాక్‌లో మాత్రం ఢీకొట్టుకునే ప్రమాదాన్ని తీసేస్తే ఆటే మిగలదు.

ఆ పతకం నిమిషంన్నర పరుగుకి కాదు, అంతకుముందు పదేళ్లు పడ్డ శ్రమకి తీసుకుంటున్నానని బ్రాడ్‌బరీ అన్నాడు. అతని మాట న్యాయమైనదే. ఆ ఫైనల్ వీడియో చూసేవాళ్లు ఆఖరి మలుపు ఒక్కటే చూసి ఆపేయకండి. మొదటి చుట్టు నుంచీ అతను ఎంత దూరం పాటిస్తూ వచ్చాడో గమనించండి.