మంజీర తీరమున ఒక చక్కెర ఊరు

కోహీరు మెరకలపై కురిసిన వాన ఎచ్చటికి పోవునో ఆ ఊరి బడిపిల్లలలో ఎందరు చెప్పగలరో! ఆ నేలనుండి జారిన నీరు నారింజ వాగై బీదరు సీమలో ప్రవేశించును. అచ్చటివారు దానిని కారంజ యందురు. కారంజ మంజీరలో కలియును. మంజీర మరల తెలుగునేలకు మళ్లి, సింగూరు దాటి, నిజాంసాగరమును చేరును. అచ్చటినుండి కాలువల వెంట బోధను పొలములకు పారిన నీటిలో కోహీరు వాన కూడ కొంత కలదన్నమాట. ఆ నీరు ఒక కాలమున చెరకై, చక్కెరయై బండ్లకెక్కెను. ఆ చక్కెర ఆగిపోయిన పిదప మనుష్యులేమైరి అన్నదే ఇచ్చటి ప్రస్తావన.

నిజాంసాగర నిర్మాణము 1923లో ఆరంభమై 1931లో ముగిసెను. నవాబు అలీ నవాజ్ జంగు దాని ఇంజనీరు. నీరు వచ్చెను గాని దానిని పంటగా మార్చు చేతులు చాలలేదు. కృష్ణా, గుంటూరు సీమలనుండి రైతులు సంసారములతో తరలివచ్చి కాలువల పక్కన గుడిసెలు వేసికొనిరి. ఆ గుడిసెల గుంపులకు క్యాంపులని పేరు. మేడలు లేచిన పిదప కూడ ఆ ఊళ్లు క్యాంపులే! 1930 దశాబ్దము ముగియకముందే బోధనులో నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. ఆసియాలోనే పెద్దదని దానికి ప్రతీతి. దానిని అంటి పుట్టిన పేట శక్కర్‌నగరు.

అట్టి ఊరిలో కాలము సైరనును బట్టి నడచును. గానుగాట మొదలైనది మొదలు చెరకు బండ్లు కాటా వద్ద బారులు తీరును. మడ్డి వాసన ఊరంతయు కమ్ముకొనును. బట్టల కొట్టువాడు, వడ్డీ వ్యాపారి, పెండ్లిండ్ల పేరయ్య, అందరును ఆ నాలుగు నెలలను చూచియే లెక్కలు వేసికొందురు. "చెరకు డబ్బు రానీ" అన్న మాటమీద అప్పు పుట్టును, ముహూర్తము నిలుచును. కర్మాగారపు కొలువన్నచో పిల్లనిచ్చుటకు వెనుదీయువారుండరు. ఊరి కలిమి గోదాములలోని బస్తాలకంటె ఈ నమ్మకములోనే ఎక్కువగా నుండెనేమో.

క్షీణత ఒక్కనాడు రాలేదు. మంజీర తెచ్చిన ఒండ్రు జలాశయములో పేరుకొనెను. దాదాపు 30 శతకోటి ఘనపుటడుగుల నీరు పట్టవలసిన సాగరము, నాలుగైదు దశాబ్దములలో అందు సగమునకును తక్కువ పట్టు స్థితికి వచ్చెను. కట్ట ఎత్తు పెంచిరి గాని పూర్వపు నిండుదనము రాలేదు. ఎగువన సింగూరు ఆనకట్ట లేచి, హైదరాబాదు దాహమునకు మంజీర నీరు మళ్లెను. చెరకు వంటి దప్పిగొన్న పంటకు ఇది చిన్న దెబ్బ కాదు. 2002లో ప్రభుత్వము కర్మాగారములో సగమునకు మించిన వాటాను ప్రైవేటు సంస్థకు అప్పగించెను. దానిపై విచారణలు, వ్యాజ్యములు నడచెను. 2015 డిసెంబరులో బోధనుతోపాటు ముత్యంపేట, మంబోజిపల్లి శాఖలు కూడ మూతపడెను.

మూతపడిన నాడు జీతముకంటె ముందు పోవునది అప్పు. నిన్నటివరకు ఖాతా వ్రాసికొన్న కిరాణా కొట్టువాడు నేడు రొక్కమడుగును. అతనిది క్రౌర్యము కాదు. అతనికి సరకిచ్చు వాడు కూడ రొక్కమే యడుగుచున్నాడు. పిదప పోవునది నేర్పునకు గల విలువ. పాకము మరుగుచుండగా వ్రేళ్ల నడుమ చుక్క నలిపి పలుకు కట్టినదో లేదో చెప్పగల పనివాడు, చక్కెర వండని ఊరిలో ఎవరికి కావలెను? ఏబదియేండ్ల వయస్సులో అట్టివాడు ఏ నగరపు భవంతి ముందో కావలి కూర్చుండవలసినదే. యువకులకు ఆ జిల్లాలో పాత బాటయొకటి గలదు, గల్ఫు బాట. ఇంటిలో మిగిలిన స్త్రీ చుట్టు బీడీల కూలి, ఒకనాడు చేతిఖర్చుగా ఎంచబడినది, ఇప్పుడు బియ్యపు డబ్బయ్యెను. ఇల్లాలి మాటకు ఇంటిలో బరువు పెరిగెను; ఆ బరువు ఆమె వీపుమీద కూడ పెరిగెను.

సముద్రములకావల ఐర్లండులో ఇంచుమించు ఇట్టి కథయే నడచెను. కార్లో పట్టణమున 1926లో వెలసిన బీటుదుంపల చక్కెర కర్మాగారము 2005లోను, మాలో పట్టణపు కర్మాగారము 2006లోను మూతపడెను. చిత్రమేమనగా అప్పుడా దేశము మహాభాగ్యముతో తులతూగుచుండెను. ఇండ్లు కట్టు పనికి పరదేశములనుండి కూలీలు దిగుచుండిరి. చక్కెర పోయినదని దేశమంతయు దుఃఖించు తీరిక ఎవరికున్నది? 2008లో ఆ ఇండ్ల వ్యాపారము కూలెను; బ్యాంకులు కూలెను; 2010లో 85 బిలియను యూరోల సహాయపు ఏర్పాటుకు ఆ ప్రభుత్వము అంగీకరింపవలసి వచ్చెను. సగము కట్టిన ఇండ్ల వరుసలు దీపము లేక నిలిచెను. తాతలు ఓడలెక్కిన దేశమున మనుమలు విమానములెక్కిరి. ఐర్లండు మరల కోలుకొన్నది. అయినను వెళ్లినవారందరు తిరిగి రాలేదు.

బోధను కర్మాగారపు పునరుద్ధరణ మార్గములను పరిశీలించుటకు 2024లో రాష్ట్ర ప్రభుత్వము ఒక సంఘమును నియమించెను. యంత్రములు తుప్పుపట్టినను మార్చవచ్చును. రైతు మాత్రము ఈ లోపల వరికి అలవాటుపడెను. వరి నాలుగు నెలల పంట. చెరకు ఏడాది పంట. నాటిన చెరకును ఏడాదికి ఎవరు కొందురో తెలియక రైతు నాటడు. చేలో చెరకు లేక కర్మాగారము తెరచువాడు తెరవడు. చెరకు విరివిగా పండు కోహీరు, జహీరాబాదు ప్రాంతపు రైతునకు ఈ చిక్కు తెలియనిది కాదు. తన చెరకు లారీలలో పరజిల్లాల కాటాలకు తరలిన సంవత్సరములను అతడును చూచెను. ముందుగా నాటవలసినది రైతా, ముందుగా పొయ్యి రాజేయవలసినది కర్మాగారమా అని క్యాంపుల అరుగులపై వాదము సాగుచుండగా, మంజీర నీరు కాలువలలో వరిమళ్లకు పారుచున్నది.