తిరిగి కొలువరాని కొలతలు

రసాయనశాలలో ఒక ప్రయోగము చెడిపోయినచో మరల చేయవచ్చును. లవణమును మరల కరగించి, ఆమ్లమును మరల కలిపి, అవక్షేపమును మరల తూచవచ్చును. కాని నిరుడు శ్రావణమాసములో ఒక ఊరిలో కురిసిన వానను మరల కొలుచుట ఎవరి తరము? 1881లో ఒక జిల్లాలో ఎందరు జీవించుచుండిరో ఇప్పుడు ఇంటింటికి తిరిగి అడుగుటకు వీలులేదు. 1964లో దక్షిణ ధ్రువఖండమును చుట్టియున్న మంచును ఈనాడు పోయి చూచుటకును వీలులేదు. ప్రకృతిని గూర్చియు, ప్రజలను గూర్చియు సేకరించిన దత్తాంశము లన్నిటికిని ఈ లక్షణము కలదు. ఒకసారి పోయినచో అవి శాశ్వతముగా పోయినట్లే. కనుక వానిని సేకరించుట యెంత శాస్త్రమో, భద్రపరచుటయు అంత శాస్త్రమే.

పాతబడిన కొలది పెరుగు విలువ

హవాయి దీవులలో మౌనాలోవా అను అగ్నిపర్వతముపై, సుమారు 3,400 మీటర్ల ఎత్తున, ఒక పరిశోధనశాల కలదు. 1958 మార్చిలో చార్లెస్ డేవిడ్ కీలింగ్ అను శాస్త్రజ్ఞుడు అచ్చటి గాలిలోని కార్బన్ డయాక్సైడును, అనగా బొగ్గుపులుసు వాయువును, విడువకుండ కొలుచుటకు ప్రారంభించెను. అప్పుడు పదిలక్షల గాలి అణువులలో సుమారు 315 ఆ వాయువునకు చెందినవి. మొదటి యేడు కనిపించినవి హెచ్చుతగ్గులు మాత్రమే. ఉత్తరార్ధగోళమున చెట్లు చిగిర్చి పెరుగు కాలములో ఆ వాయువు తగ్గును. ఆకులు రాలి కుళ్ళు కాలములో హెచ్చును. కొన్ని యేండ్ల అంకెలను వరుసగా పేర్చిన పిమ్మటనే ఆ అలల క్రింద ఏటేటా పైకెక్కుచున్న వాలు బయటపడెను. 2024 సంవత్సరపు సగటు 424 దాటినది.

ఏ ఒక్క దినపు అంకెయు ఈ సంగతిని చెప్పజాలదు. వరుస తెగకుండ నిలిచినందువలననే అది తెలిసినది. 1964 వసంతకాలమున ధనము చాలక కొన్ని వారములపాటు ఆ కొలతలు ఆగిపోయినవి. ఆ ఖాళీ నేటికిని గ్రాఫులో ఖాళీగనే యున్నది.

తాటియాకు చెప్పు పాఠము

తాళపత్ర గ్రంథములు మనకెట్లు దక్కినవో తలచుకొన్నచో దత్తాంశ భాండాగారముల పని సులభముగా బోధపడును. తాటియాకు కొన్ని తరములకు మించి నిలువదు. పురుగు తొలుచును, అంచులు విరుగును. ఆకు పాడగుటకు ముందే ఎవరో ఒక లేఖకుడు క్రొత్త ఆకుపై ప్రతి వ్రాసినందువలన గ్రంథము మిగిలినది. పందొమ్మిదవ శతాబ్దమున సి. పి. బ్రౌను దొర కడపలో పండితులను కూర్చి, ఒకే గ్రంథమునకు పలుతావుల దొరకిన ప్రతులను పోల్చి చూపించి, లేఖకుల తప్పులను దిద్దించెను. సకాలమున ప్రతి చేయుట, ప్రతులను పోల్చుట, అర్థము చెప్పగలవారిని నిలుపుట — భాండాగారపు పనియంతయు ఈ మూడు మాటలలో ఇమిడియున్నది. ఈ పని జరుగనిచోట దత్తాంశములకు నాలుగు విధముల అపాయములు కలుగును.

మొదటి అపాయము: వస్తువు నశించుట

1890లో అమెరికా సంయుక్త రాష్ట్రములలో సుమారు 6 కోట్ల 30 లక్షల మందిని లెక్కించిరి. ఇంటింటి వివరములు గల పట్టీలను వాషింగ్టన్ నగరమున ఒక ప్రభుత్వ భవనములో ఉంచిరి. 1921 జనవరి 10వ తేదీన ఆ భవనమున అగ్నిప్రమాదము జరిగెను. కొన్ని పట్టీలు మంటలలో కాలిపోయినవి. మంటలార్పుటకు పోసిన నీటిలో మరికొన్ని తడిసిపోయినవి. మిగిలినవానిలో హెచ్చుభాగమును తరువాత పారవేసిరి. రాష్ట్రములవారీ మొత్తములు అంతకుముందే అచ్చయినందున అవి దక్కినవి. వ్యక్తుల వివరములలో నేడు మిగిలినవి ఆరువేల పైచిలుకు పేర్లు మాత్రమే. ఆ పట్టీలకు వేరొకచోట పూర్తి నకలు లేకపోవుటయే ఇంత నష్టమునకు కారణము.

రెండవ అపాయము: చదువు యంత్రము మాయమగుట

అదే దేశపు 1960 జనాభా లెక్కలలో కొంత భాగము అయస్కాంత టేపులపై నిలువచేయబడెను. పదునైదేండ్లు గడచునప్పటికి టేపులు ఉన్నవిగాని, వానిని చదువగల యూనివాక్ యంత్రములు వాడుక నుండి తొలగిపోయినవి. చూచుటకు టేపు చెక్కుచెదరలేదు. కాని చదువరి లేని గ్రంథమువలె మూగపోయినది. మిక్కిలి శ్రమపడి, 1979 నాటికి 642 చుట్టలలో 640 చుట్టలను క్రొత్త టేపులపైకి ఎక్కించిరి. వానిలో చెడిపోయి చదువరానివి 1,575 నమోదులు మాత్రమే. ఇంకను కొన్నియేండ్లు ఆలస్యమైనచో ఫలిత మిట్లుండెడిది కాదు. అందుచేత నేటి భాండాగారములు ఏ ఒక్క యంత్రమునకో కట్టుబడని సాదా రూపమున అంకెలను ఉంచి, కొన్నియేండ్ల కొకసారి క్రొత్త సాధనములపైకి మార్చుచుండును.

ఇట్లు మార్చునప్పుడు అంకె తప్పలేదని తెలియుటెట్లు? పద్దుపుస్తకములో ప్రతిపుట చివర మొత్తము వేయుదురు. నకలు తీసినవాడు ఒక అంకె తప్పువ్రాసినచో మొత్తము కుదరదు. గణనయంత్రములును ఇంతకంటె కట్టుదిట్టమైన లెక్కవేసి, ప్రతి దస్త్రమునకు ఒక గురుతుసంఖ్యను కట్టును. కోట్ల అంకెలలో ఒక్కటి మారినను ఆ సంఖ్య మారిపోవును. అప్పుడు వేరొకచోటనున్న ప్రతితో పోల్చి సరిదిద్దుదురు.

మూడవ అపాయము: అర్థము మరచిపోవుట

ఇది అన్నిటికంటె మోసకరమైనది. అంకెలు చక్కగా కనబడుచుండును. వాని భావము మాత్రము జారిపోవును.

నావికులు పూర్వము సముద్రజలమును బొక్కెనతో తోడి ఉష్ణోగ్రత కొలిచెడివారు. గుడ్డబొక్కెన పైకివచ్చులోపల కొంతనీరు ఆవిరియై, మిగిలిన నీరు చల్లబడును. తరువాత కొన్ని ఓడలలో యంత్రములను చల్లార్చుటకు లోనికి వచ్చు నీటిని కొలిచెడివారు. అది కొంచెము వేడిగా నుండును. ప్రపంచ ఉష్ణోగ్రతల పట్టికలో 1945లో సుమారు 0.3 డిగ్రీల సెంటీగ్రేడు హఠాత్తుగా తగ్గినట్లు కనబడుచుండెను. భూమి అట్లు చల్లబడలేదు. యుద్ధకాలపు కొలతలలో హెచ్చుభాగము యంత్రపునీటిని కొలిచిన అమెరికా ఓడలవి. యుద్ధానంతరము బొక్కెనలు వాడిన బ్రిటిషు ఓడల వంతు పెరిగినది. ఏ కొలత ఏ దేశపు ఓడనుండి వచ్చినదో నమోదై యున్నందుననే 2008లో శాస్త్రజ్ఞులు ఈ రహస్యమును విప్పగలిగిరి.

జనాభా లెక్కలలో ఈ చిక్కు సరిహద్దుల రూపమున వచ్చును. తెలంగాణలోని 10 జిల్లాలు 2016లో 31 అయ్యెను. 2019లో 33 అయ్యెను. ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 2022లో 26 అయ్యెను. 2011 లెక్కలలో ఆదిలాబాదు జిల్లా జనాభా 27 లక్షల పైచిలుకు. అదే పేరుతో నేడున్న జిల్లా పరిధిలో ఆ యేట నివసించినవారు సుమారు 7 లక్షలు. ఈ విభజన సంగతి తెలియని పరిశోధకు డొకడు నూరేండ్ల తరువాత ఈ రెండంకెలను చూచినచో, 20 లక్షలమంది ఏమైరని వెదకుచు కూర్చుండును! జనసంఖ్యతో పాటు ఆనాటి సరిహద్దుల పటమును కూడ దాచవలెను.

సరిహద్దుల బాధ తప్పించుటకు శాస్త్రజ్ఞులు మరియొక మార్గమును గూడ కనుగొనిరి. భూగోళమును చిన్నచిన్న గడులుగా విభజించి, ఒక్కొక్క గడిలో ఎందరుందురో అంచనావేయుదురు. 1990 దశకమున ప్రారంభమైన ఇట్టి ప్రపంచ జనాభా పటమును కొలంబియా విశ్వవిద్యాలయమువారు పెంపొందించిరి. దాని నాలుగవ కూర్పులో భూమధ్యరేఖవద్ద ఒక్కొక్క గడి పొడవు సుమారు 1 కిలోమీటరు. ఉపగ్రహము తీసిన వరదపటమును దీనిపై పరచినచో ఎందరు నీటిపాలయిన ప్రాంతములో నున్నారో అంచనా వేయవచ్చును. పాతకూర్పులను గూడ పారవేయరు. వానిని ఆధారముగా గొని చేసిన పరిశోధనలను సరిచూచుటకు అవియే కావలెను. ఇట్టి దత్తాంశముల దీర్ఘకాల రక్షణలో ఆ విశ్వవిద్యాలయ గ్రంథాలయములు కూడ భాగము వహించినవి.

నాలుగవ అపాయము: పోషకుడు లేకపోవుట

శాస్త్రజ్ఞులు విరమింతురు, పథకములు ముగియును, ధనము ఆగును. కనుక ఒక్క సంస్థనే నమ్ముకొనుట క్షేమము కాదు. 1957 జూలై నుండి 1958 డిసెంబరు వరకు జరిగిన అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరమున ఈ వివేకము చక్కగా కనబడినది. ఆ కాలపు కొలతలను దాచుటకు ప్రపంచ దత్తాంశ కేంద్రములను స్థాపించిరి. ఒకటి అమెరికాలో, ఒకటి సోవియట్ రష్యాలో, మూడవది పశ్చిమ యూరపు, జపాను, ఆస్ట్రేలియాల మధ్య పంచబడినది. ఆ రెండు అగ్రరాజ్యములు ఒకదానినొకటి అనుమానించుచున్న దినములవి. అయినను భూకంపముల, ధ్రువకాంతుల లెక్కలు ఇరువురి ఇండ్లలోను భద్రముగా నుండెను. 2008లో ఈ కేంద్రముల స్థానమున ప్రపంచ దత్తాంశ వ్యవస్థను నెలకొల్పుటకు నిర్ణయము జరిగెను.

దాచినదానికి దక్కిన ఫలము

1964 ఆగస్టు 28న అమెరికా నింబస్-1 అను వాతావరణ ఉపగ్రహమును ప్రయోగించెను. ఒక నెల నిండకముందే అది పనిచేయుట మానెను. మేఘములను చూచుటకై అది తీసిన చిత్రములు ఫిల్ము చుట్టలపై డబ్బాలలో మిగిలిపోయినవి. సుమారు అర్ధశతాబ్దము గడచిన పిమ్మట కొలరాడోలోని మంచు పరిశోధకులు ఆ చుట్టలను వెలికి తీసి, చిత్రములను గణనయంత్రమునకు ఎక్కించి, ఒక్కొక్క చిత్రమును పటముపై దాని చోట అమర్చిరి. 1964 సెప్టెంబరులో దక్షిణ ధ్రువఖండము చుట్టు సముద్రపుమంచు సుమారు 197 లక్షల చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించి యుండెనని తేలినది. ధ్రువముల మంచును ఉపగ్రహములు విడువకుండ కొలుచుట 1978లో మొదలైనది. డబ్బాలను పారవేయకపోవుటచే పదునాలుగేండ్ల వెనుకటి సాక్ష్య మొకటి లభించినది. మేఘముల కొరకు తీసిన చిత్రమే మంచును గూర్చియు చెప్పినది.

పాఠశాలలో ఈ శాస్త్రము

దీర్ఘకాల రక్షణను నేర్చుకొనుటకు పెద్ద యంత్రములు అక్కరలేదు. పాఠశాల ఆవరణలో ఒక వర్షమాపకమును, దానికొక పుస్తకమును ఉంచిన చాలును. మొదటిపుటలో వర్షమాపకము ఎచ్చట నిలిపినది, దాని నోటి వ్యాసమెంత, కొలత మిల్లీమీటర్లలోనా అంగుళములలోనా, రోజు ఏ గంటకు చూచుచున్నది — ఈ సంగతులు వ్రాయవలెను. వాన పడని దినమున సున్న వేయవలెను. చూచుట తప్పిన దినమున అడ్డగీత గీయవలెను. ఈ రెండింటిని కలిపివేసినచో చూడని దినములు వానలేని దినములుగా మారి, ఆ ఊరికి లేని కరువు పుట్టుకొనివచ్చును. మాపకమును వేరొకచోటికి మార్చినచో ఆ తేదీని వ్రాయవలెను. నెలకొకసారి నకలు తీసి, మొత్తములు సరిచూచి, ఆ నకలును మరియొక భవనమున ఉంచవలెను. పై తరగతికి పోవు విద్యార్థి తరువాతివానికి పుస్తకమును అప్పగించి, ఎట్లు వ్రాయవలెనో చూపి పోవలెను.

ఇరువదియేండ్లు ఇట్లు సాగిన పుస్తకము ఆ ఊరి చెరువును గూర్చి, పంటను గూర్చి ఆలోచించువారికి ఎంత ధనమిచ్చినను దొరకని వస్తువగును. అందులోని తొలి అంకెలు వ్రాసిన బాలుర పేర్లు ఎవరికిని తెలియకపోవచ్చును. వారు కొలిచిన వాన మాత్రము మిగిలియుండును.